ట్యాంకరు డ్రైవరుకు ఫిట్‌నెస్ పరీక్ష: గాజువాక వైపు ఒక కేంద్రంలో మా అనుభవం

మాకు మూడు పెట్రోలు ట్యాంకర్లు ఉన్నాయి. వాటిలో అరకు, పాడేరు ఘాట్ రోడ్లకు వెళ్లే బండిని పదిహేనేళ్లుగా నడుపుతున్న మా డ్రైవరు బాబాయికి ఇప్పుడు 58 ఏళ్లు. ప్రమాదకర సరుకులు రవాణా చేసేవారి లైసెన్సును మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, దానికి వైద్యుడు సంతకం చేసిన ఫారం 1ఎ జతచేయాలి. 25 మీటర్ల దూరంలోని నంబరు ప్లేటు పగటి వెలుగులో కనబడుతుందా, ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలుస్తుందా, రేచీకటి ఉందా అని ఆ ఫారం స్పష్టంగానే అడుగుతుంది. అయినా గతసారి ఒక క్లినిక్‌లో బాబాయిని కుర్చీలోంచి లేపకుండానే ఐదు నిమిషాల్లో సంతకం పెట్టి ఇచ్చేశారు. అప్పుడు నేనూ సంతోషంగానే పుచ్చుకున్నానని ఒప్పుకోవాలి.

ఈసారి ఫ్యాక్టరీ కార్మికులకు ఆరోగ్య పరీక్షలు చేసే ఒక ప్రైవేటు కేంద్రానికి తీసుకెళ్లాను. ఫీజు 3,200 రూపాయలు. వినికిడి పరీక్ష, ఇసిజి, రక్త పరీక్షల వంటివి ఎక్కడైనా చేస్తారు కనుక వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

ఆ ఫీజుకు తగిన విలువ కనిపించింది డాక్టరు గారు అడిగిన ప్రశ్నల్లో. బాబాయి షుగరుకు గ్లిమెపిరైడ్ వాడుతున్నారని తెలియగానే ఆవిడ మాత్ర ఎన్నింటికి వేసుకుంటారో, అన్నం ఎన్నింటికి తింటారో విడివిడిగా అడిగారు. తెల్లవారుజామున ఐదింటికి మాత్ర వేసుకుని డిపో దగ్గర వరుసలో నిలబడితే, లోడు నిండి బయటపడేసరికి ఒక్కోరోజు పది దాటుతుందని, అప్పటిదాకా టీ తప్ప ఏమీ ఉండదని ఆయన చెప్పారు. ఈ రకం మాత్ర తిన్నా తినకపోయినా చక్కెరను దించుతూనే ఉంటుందని, అది మరీ పడిపోతే చెమటలు, వణుకు, తికమక మొదలవుతాయని, ఘాట్ మలుపులో అలా జరిగితే బండిని పక్కకు ఆపాలన్న ఆలోచన కూడా సమయానికి రాకపోవచ్చని ఆవిడ వివరించారు. ఇన్నేళ్లుగా ఆయన బండి బ్రేకుల గురించి వారం వారం అడిగిన నేను ఈ మాట ఒక్కసారీ అడగలేదు.

కంటి పరీక్షలో అక్షరాల పట్టికను బాబాయి కళ్లద్దాలతో తడబడకుండా చదివారు. అక్కడితో వదిలేయకుండా కళ్లలోకి లైటు వేసి చూస్తే కుడికంటిలో శుక్లం మొదలైందని తేలింది. పగలు పెద్దగా ఇబ్బంది పెట్టకపోయినా, రాత్రి ఎదురు బండి హెడ్‌లైట్ల వెలుగు ఇలాంటి కంట్లో చెదిరిపోయి రోడ్డు అంచును కనబడనివ్వదట. చివరికి ఇచ్చిన నివేదికలో ఫిట్, అన్‌ఫిట్ అన్న ఒక్క ముక్క కాకుండా, పగటి డ్యూటీకి అభ్యంతరం లేదని, శుక్లం తీయించుకునే వరకు రాత్రి బండి ఇవ్వవద్దని, ఆరు నెలలకు మళ్లీ చూపించుకోవాలని రాశారు. రైల్వేలో లోకో పైలట్లకు 45 ఏళ్ల దాకా నాలుగేళ్లకోసారి, 55 దాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా వైద్య పరీక్ష ఉంటుంది. పెట్రోలు ట్యాంకరు లైసెన్సు గడువు మాత్రం 30 ఏళ్ల డ్రైవరుకైనా, 58 ఏళ్ల డ్రైవరుకైనా మూడేళ్లే కాబట్టి, ఈ ఆరు నెలల షరతు నాకు అతిగా అనిపించలేదు.

లోపాలూ ఉన్నాయి. పరగడుపున ఏడింటికే రమ్మని, రక్తం తీసింది పదింటికి. షుగరు మనిషిని ఆకలితో ఉంచకూడదని చెప్పే చోటే ఇలా జరగడం విడ్డూరం. నివేదిక మొత్తం ఇంగ్లీషులో ఉంది, బాబాయికి ఒక్క వాక్యం అర్థం కాలేదు. అన్నిటికంటే నాకు నచ్చనిది, శుక్లం సంగతి ఆయన్ను బయట కూర్చోబెట్టి ముందు నాకు చెప్పడం. ఫీజు కట్టింది నేనే అయినా ఆ కన్ను ఆయనది, ఆ ఉద్యోగమూ ఆయనదే. నా ముఖం చూసి ఆయన మొదట అడిగిన మాట, "బండి తీసేస్తున్నావా బాబూ?" అని.

తీసేయలేదు. రాత్రి లోడ్లు ఇంకో డ్రైవరుకు మార్చి, ఆపరేషన్ అయ్యేదాకా బాబాయికి రాత్రి బత్తా యథాతథంగా ఇస్తున్నాను. మిగతా ఇద్దరు డ్రైవర్లనూ ఇదే కేంద్రానికి పంపుతాను గానీ, ఫలితం ముందు వాళ్లకే తెలుగులో చెప్పాలని రిసెప్షన్‌లో ముందుగానే రాయించి మరీ పంపుతాను.