రుతుపవనాల్ని తెరమీద చూపించే ‘ఎర్త్ నల్‌స్కూల్’: ఎలా వాడాలి, ఎక్కడ నమ్మకూడదు

ఎండాకాలంలో నేల కాగిపోతుంది, సముద్రం అంతగా వేడెక్కదు, అందుకే గాలి సముద్రం మీంచి నేలమీదికి వస్తుంది. బడి పుస్తకాల్లో రుతుపవనాల పాఠం ఇంతే. 1686లో ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రవేత్త ఎడ్మండ్ హేలీ చెప్పిందీ దాదాపు ఇదే. అందులో నిజమెంత, అది ఎక్కడ సరిపోదు అన్నది కళ్లారా చూడాలంటే కామెరాన్ బెకారియో 2013లో మొదలుపెట్టిన ‘ఎర్త్ నల్‌స్కూల్’ వెబ్‌సైటుకు మించింది నాకు కనబడలేదు. పూర్తిగా ఉచితం, ఖాతా తెరవక్కర్లేదు.

కింద ఎడమ మూలన ‘ఎర్త్’ అన్న మాట నొక్కితే మెనూ వస్తుంది. ‘హైట్’ వరుసలో 850 ఎంచుకోండి. అది 850 హెక్టోపాస్కళ్ల గాలి పీడనం ఉండే మట్టం, సుమారు కిలోమీటరున్నర ఎత్తు. ఈ అంకె తగ్గేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. జులైలో చూస్తే దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి కెన్యా వైపు వచ్చి, భూమధ్యరేఖ దాటి, సొమాలియా దగ్గర మలుపు తిరిగి, అరేబియా సముద్రం మీదుగా మన పడమటి కనుమలకు తగిలే గాలి పాయ కనబడుతుంది. అదే సొమాలీ జెట్. ఏ చోట నొక్కినా దిశ, వేగం చూపిస్తుంది. దిశను డిగ్రీల్లో చెబుతుంది: ఉత్తరం 0, తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. 260 డిగ్రీలంటే గాలి పడమటి నుంచి వస్తోందని, అటు పోతోందని కాదు. చాలామంది తికమకపడేది ఇక్కడే. వేగం యూనిట్‌ను నాట్లకు (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) మార్చుకోండి.

కేరళను రుతుపవనాలు తాకాయని ప్రకటించడానికి భారత వాతావరణ శాఖ చూసే షరతుల్లో ఒకటి 925 హెక్టోపాస్కళ్ల దగ్గర పడమటి గాలి 15–20 నాట్లు ఉండటం. ఆ మట్టం ఈ సైట్లో లేదు. 1000, 850 రెండూ చూసి అంచనా వేసుకోవాల్సిందే.

నేల వేడి సంగతి మే నెలలో చూడండి. హైట్ ‘సర్ఫేస్’ (నేల దగ్గర), ఓవర్‌లే (గాలి గీతల కింద రంగుల్లో కనిపించే పొర) ‘టెంప్’ పెట్టండి. మన టైము ప్రకారం ఉదయం 8:30, 11:30, మధ్యాహ్నం 2:30 చిత్రాలు పక్కపక్కన పోల్చండి. మచిలీపట్నం దగ్గర గాలి దిశ 120–200 మధ్యకు తిరిగితే సముద్రపు గాలి వచ్చినట్టు. పడమటి పొడిగాలి బలంగా ఉండి అది రానిరోజు కోస్తా కూడా మాడిపోతుంది. ఇక్కడో జాగ్రత్త. ‘టెంప్’ చూపేది గాలి ఉష్ణోగ్రత, నేలది కాదు. దాన్ని ‘ఓషన్’లోని సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతతో పోల్చితే లెక్క తప్పుతుంది.

అసలు విషయం ఇప్పుడు. నేల బాగా కాగేది మేలో, వానలు దంచేది జులైలో. తొలకరి పడ్డాక నేల చల్లబడుతుంది, అయినా 850 మట్టంలో గాలి తగ్గదు, ఇంకా బలపడుతుంది. మేఘాల్లో ఆవిరి నీరయ్యేటప్పుడు విడుదలయ్యే వేడే అప్పటినుంచి దాన్ని నడుపుతుంది. నేల వేడొక్కటే చాలేట్టయితే కరవు ఏడాదుల్లో ఎక్కువ వానలు పడాలి, ఎందుకంటే నేల ఎక్కువ కాగేది అప్పుడే. మే, జులై నెలల్లో ఒక్కో తేదీ తీసుకుని గాలినీ ఉష్ణోగ్రతనూ పోల్చితే ఈ తేడా పది నిమిషాల్లో అర్థమవుతుంది. సైన్సు చెప్పే ప్రతి టీచరూ పిల్లలకు ఇది చూపించాలి.

లోపాలూ ఉన్నాయి. టిబెట్ పీఠభూమి ఎత్తు నాలుగున్నర వేల మీటర్ల పైమాటే. అక్కడ 850, 700 మట్టాలు నేలలోపలికి పోతాయి, ఆ అంకెలు ఊహించి నింపినవి. 500 నుంచే పట్టించుకోండి. తెలుగువారైన వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం గుర్తించిన తూర్పు జెట్‌తో (చాలా ఎత్తులో తూర్పు నుంచి వీచే బలమైన గాలి పాయ) మరో ఇబ్బంది. దాని నడిబొడ్డు 100–150 హెక్టోపాస్కళ్ల మధ్య ఉంటుంది. సైట్ మాత్రం 250 నుంచి ఒక్కసారిగా 70కి దూకుతుంది, కాబట్టి అసలు బలం కనబడదు.

తెరమీద పారే గీతల్ని ప్రత్యక్ష ప్రసారం అనుకోవద్దు. అమెరికా వాళ్ల జీఎఫ్ఎస్ అనే కంప్యూటర్ వాతావరణ మోడల్ లెక్కగట్టిన ఒక్క క్షణం చిత్రాన్నే అలా ఆడిస్తారు. ‘మూడు గంటల వాన’ ఓవర్‌లే చూసి విత్తనాలు వేయడం, మందు కొట్టడం అస్సలు వద్దు. మోడల్ భూమిని గడులుగా విడగొట్టి లెక్కిస్తుంది. ఒక్కో గడి పల్లెకంటే చాలా పెద్దది, ఉరుముల వాన ఆ గడిలో ఓ మూల పడి పోవచ్చు. దానికి అమరావతి, హైదరాబాద్ వాతావరణ కేంద్రాల జిల్లావారీ బులెటిన్లు చూడండి.

అక్టోబరులో మళ్లీ తెరవండి. ‘సర్ఫేస్’ పెట్టి బంగాళాఖాతం మీద నొక్కుతూ పోతే దిశ 220 ప్రాంతం నుంచి 40–60కి మారడం రోజురోజుకీ తెలుస్తుంది. నెల్లూరు వైపు వానలు తెచ్చే ఈశాన్య రుతుపవనాలు అవే.