మినీయా, స్కిడ్డా: కొత్త పేషెంటుకు ఏది మేలు?

కొత్త బ్యాచ్ చేరిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, ఓపీకి మినీ చాలదా? స్కిడ్ దాకా వెళ్లాలా?" మినీ, స్కిడ్ రెండూ మానసిక జబ్బేదో తేల్చడానికి, ముందే రాసిపెట్టిన ప్రశ్నలతో చేసే ఇంటర్వ్యూలు. ఈ మధ్య మా మానసిక వైద్య విభాగంలో పద్ధతి మార్చుకున్నాం కాబట్టి నా జవాబు రాసిపెడుతున్నాను.

ఏ ఫారమూ లేకుండా అనుభవం మీదే తేల్చడం ఒక దారి. చిక్కల్లా, మొదటి ఐదు నిమిషాల్లో ఒక జబ్బు పేరు మనసులో పడుతుంది. మిగతా ప్రశ్నలన్నీ దాని వెంటే పోతాయి. అమెరికాలో జిమ్మర్‌మన్, మత్తియా అనే పరిశోధకులు 1999లో ఐదేసి వందల మంది పేషెంట్లున్న రెండు గుంపులను పోల్చారు. స్కిడ్‌తో అడిగినవారిలో మూడింట ఒక వంతుకు పైగా మూడు లేదా అంతకంటే ఎక్కువ జబ్బులు తేలాయి. మామూలు సంభాషణతో చూసినవారిలో అలా తేలినవారు పదిశాతం లోపే.

మినీ దాదాపు పావుగంటలో అయిపోతుంది. శిక్షణ ఇస్తే డాక్టరు కానివారూ అడగగలరు. నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేకి దీన్నే ఎంచుకుంది. స్కిడ్‌కు గంట, గంటన్నర కావాలి. అడిగేవారికి జబ్బుల గురించి బాగా తెలిసి ఉండాలి. సమయమే లెక్కయితే ఇక చర్చ లేదు.

నా లెక్క వేరు. పేషెంటు జవాబు చెప్పాక, "ఏదీ, అప్పుడేం జరిగిందో చెప్పండి" అని అడుగుతున్నామా లేదా? అవసరమైతే ఉదాహరణ అడగమని మినీ నియమాల్లోనూ ఉంది. కానీ ఎదురుగా అవును, కాదు అని రెండే గడులుండి, బయట వరుస పెరుగుతుంటే ఆ ప్రశ్నే ముందు ఎగిరిపోతుంది.

కుంగుబాటుతో ఒక రైతు వచ్చారు. ఎప్పుడైనా మరీ ఉత్సాహంగా ఉన్నారా అని మినీలో అడిగితే, "నాకు ఉత్సాహమెక్కడిదండీ" అన్నారు. గడిలో 'కాదు' పడింది. స్కిడ్ పట్టుకుని మళ్లీ కూర్చున్నాను. నిద్ర లేకపోయినా అలసట తెలియని రోజులున్నాయా అని అడిగితే భార్య అందుకున్నారు: "రెండేళ్ల కిందట వేసవిలో అండీ. పది రోజులు కంటి మీద కునుకు లేదు. అప్పు తెచ్చి మూడు బోర్లు వేయించారు. వద్దన్నందుకు మా అన్నయ్యను కొట్టబోయారు." నీళ్ల కోసం అప్పు చేయడం జబ్బు కాదు, ఎందరో రైతులు చేసేదే. కానీ నిద్ర అక్కర్లేకపోవడం, మునుపెన్నడూ లేని కోపం, ఆ ఖర్చు అన్నీ ఆ పది రోజుల్లోనే ముప్పిరిగొంటే అది మేనియా, అంటే ఉత్సాహమో కోపమో హద్దు దాటే జబ్బు దశ. ఆయనకు కుంగుబాటు మందు ఒక్కటే రాసి పంపి ఉంటే మళ్లీ మేనియాలోకి జారే ప్రమాదం ఉండేది.

తప్పుడు 'అవును'లూ ఉంటాయి. మీ ఒంటిని వేరే శక్తి ఏదైనా నడిపిస్తోందా అని అడిగితే, "ఏటా జాతరలో అమ్మవారు పూనుతుంది" అని ఒకామె నమ్మకంగా చెప్పారు. ఎప్పుడు, ఎంతసేపు, మిగతా రోజుల్లో ఎలా ఉంటారు అని అడిగితేగాని అది భక్తో, జబ్బో తెలియదు. ఆమె విషయంలో అది భక్తే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన సిడి (CIDI) అనే ఇంటర్వ్యూ సర్వేలకు మంచిది, ఓపీకి కాదు. పీహెచ్‌క్యూ-9 కుంగుబాటు ఉందేమో చూసే తొమ్మిది ప్రశ్నల వడపోత మాత్రమే. దానితో జబ్బు పేరు రాయకండి.

ఇప్పుడు మా దగ్గర కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ సైకాలజిస్టు మినీ చేస్తారు. 'అవును' పడిన భాగాలను డాక్టరు స్కిడ్‌తో తిరగేస్తారు. మేనియా భాగం మాత్రం 'కాదు' పడినా మళ్లీ అడుగుతాం, పేషెంటు ఒప్పుకుంటే ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని. ఆ రైతుకు కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు చూసి, మనసు ఎగుడుదిగుళ్లను అదుపులో ఉంచే లిథియం మందు మొదలుపెట్టాం. రక్తంలో మందు మోతాదు చూడటానికి వారం తర్వాత రమ్మన్నాం, భార్యను కూడా వెంటబెట్టుకుని.