నెల్లూరు 524001, ఒంగోలు 523001: విడగొట్టడానికి ఏ పద్ధతి?

ఈ రెండు పిన్‌కోడ్లూ ప్రధాన సంఖ్యలు కావు. కారణాంకాలు తీయాలంటే 2, 3, 5, 7 అంటూ వరసగా భాగించుకుంటూ పోవాలి, లేదా ఫెర్మా పద్ధతి పట్టాలి, అంటే సంఖ్యను రెండు వర్గాల తేడాగా రాయాలి: ఒక పూర్ణాంకం వర్గంలోంచి సంఖ్యను తీసేస్తే పరిపూర్ణ వర్గం మిగిలేదాకా ఆ పూర్ణాంకాన్ని మెట్టుకు ఒకటి చొప్పున పెంచుకుంటూ పోవాలి.

ఒంగోలుకు వరస భాగహారమే మేలు. పదకొండో ప్రధాన సంఖ్య 31 దగ్గరే తెగుతుంది, భాగఫలం 16871. చాలామంది తప్పేది ఇక్కడే: 523001 వర్గమూలం 723 కదా అని అక్కడిదాకా భాగిస్తారు. అక్కర్లేదు. 16871 వర్గమూలం 129 చిల్లర. మళ్లీ 31తోనే మొదలుపెట్టి 127 దాకా చూస్తే చాలు. ఏదీ భాగించదు, కాబట్టి 16871 ప్రధానమే. ఇదే సంఖ్యకు ఫెర్మా పద్ధతైతే 7,728 మెట్లు. కారణాంకాలు అంత ఎడంగా ఉన్నాయి మరి.

నెల్లూరు సంఖ్యకు ఫెర్మా పనికొస్తుంది. వర్గమూలానికి పైనున్న పూర్ణాంకం 724. దాని వర్గంలోంచి 524001 తీసేస్తే 175, పరిపూర్ణ వర్గం కాదు. ప్రతిసారీ వర్గం కట్టే పనిలేదు: 1449 కలిపితే 1624, దానికి 1451 కలిపితే 3075, ఇలా బేసి సంఖ్యలు కలుపుతూ పోవడమే. ఒక్క కూడిక తప్పితే ఆ తర్వాతవన్నీ తప్పే. 2, 3, 7, 8తో ముగిసేవాటిని చూడకుండానే వదిలేయొచ్చు. 28వ మెట్టులో, 751 దగ్గర, 40000 వస్తుంది. అది 200 వర్గం. అంటే (751 − 200) × (751 + 200), అదే 551 × 951. ఇంకా అయిపోలేదు: 551 = 19 × 29, 951 = 3 × 317. 524001 అంకెల మొత్తం 12 చూసి 3ను ముందే తీసేయడం తెలివి.

ఫెర్మా సత్తా 522713 లాంటి చోట తెలుస్తుంది. 723 వర్గం 522729, తేడా 16. ఒక్క మెట్టులో 719 × 727. వరస భాగహారమైతే 128వ ప్రధాన సంఖ్య దాకా పోవాలి. ఆర్‌ఎస్‌ఏ (రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధం మీద నడిచే గూఢలిపి పద్ధతి) తాళాలకు దగ్గరదగ్గర ప్రధాన సంఖ్యలు ఎంచుకోవద్దనేది ఇందుకే.