ఏడవ అలెగ్జాండర్ పోపు సమాధి నమూనా: బొమ్మలు బాగున్నాయి, తలుపు లేదు

అబిడ్స్‌లోని ఒక కళావస్తువుల దుకాణంలో ఆర్డరు ఇచ్చి చేయించుకున్న ఈ నమూనా గురించి, ఇటువంటిదే కొనదలచినవారి కోసం రాస్తున్నాను. త్రీడీ ప్రింటింగ్‌లో రెజిన్‌తో తయారుచేసి చేత్తో రంగులు వేసిన ఈ బొమ్మ సుమారు అడుగున్నర ఎత్తు ఉంటుంది.

అసలు సమాధి రోమ్ నగరంలో, సెయింట్ పీటర్స్ బసిలికాలో ఉంది. ఇటలీ శిల్పి బెర్నీని తన శిష్యబృందంతో 1671లో పని మొదలుపెట్టి, ఎనభై ఏళ్లకు చేరువైన వయసులో, 1678లో దానిని పూర్తిచేశాడు. పైన పోపు కిరీటం లేకుండా మోకాళ్ల మీద ప్రార్థిస్తుంటాడు. చుట్టూ కరుణ, సత్యం, వివేకం, న్యాయం స్త్రీరూపాలు దాల్చి ఉంటాయి. నమూనాలో అన్నిటికన్నా బాగా కుదిరినవి ఇవే. బిడ్డనెత్తుకున్న కరుణ పోపు వైపు ఒరిగిన తీరు, భూగోళం మీద పాదం మోపిన సత్యం నిలుచున్న తీరు ఎంత చూసినా తనివి తీరదు. మొదట నగ్నంగా చెక్కిన సత్యానికి పదకొండవ ఇన్నోసెంట్ పోపు ఆజ్ఞపై తరువాత కంచు వస్త్రం తొడిగారు. ఆ వస్త్రం కూడా ఇక్కడ చక్కగా అమరింది.

అసలు సమాధిలో సిసిలీ జాస్పర్ రాతితో మలచిన ఎర్రని వస్త్రం దగ్గర మాత్రం నమూనా పనితనం పలచబడింది. సాలార్‌జంగ్ మ్యూజియంలో బెంజోని చెక్కిన వెయిల్డ్ రెబెక్కా ముసుగు రాయి ఎంత పలచని బట్టగా మారగలదో చూపితే, బెర్నీని వస్త్రం రాయి ఎంత బరువైన బట్టగా మారగలదో చూపుతుంది. నమూనాలో మెరుపు రంగు దట్టంగా పూయడంతో ఆ బరువూ, రాతి చారలూ రెండూ పోయాయి.

అంతకన్నా పెద్ద లోపం కింద ఉంది. గోడలో నిజంగానే ఉన్న తలుపును బెర్నీని తన రచనలో కలుపుకున్నాడు. బంగారు పూత పూసిన కంచు అస్థిపంజరం ఆ ద్వారం మీదుగా వస్త్రాన్ని ఎత్తుకుంటూ, తల దానిలోనే మరుగై ఉండగా, ఇసుక గడియారాన్ని పోపు వైపు చాస్తుంది. మృత్యువు రావడానికి దారి ఉండడమే ఈ శిల్పానికి ప్రాణం. నమూనాలో ఆ చోటును చదునైన పలకతో మూసేశారు. అడిగితే, ఖాళీ వదిలితే పైబరువు ఆగదన్నారు. అడుగు పీఠం చెక్కతో చేస్తే ఆ ఇబ్బంది ఉండేది కాదు.

ప్యాకింగులో లోపం లేదు, చెప్పిన గడువుకే ఇచ్చారు. ఆర్డరు ఇచ్చేవారు ద్వారాన్ని లోతుగా తొలిచి ఇవ్వాలనీ, వస్త్రానికి మెరుపు రంగు వద్దనీ ముందే రాసి ఇవ్వండి.