కాలనీ ముందు మెట్రో స్టేషన్: పైనా, ఇంకా పైనా, నేల కిందా?

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో సాయంత్రం వాకింగ్‌కి బయల్దేరిన నలుగురు కలిస్తే చాలు, మాట మెట్రో మీదికి పోతుంది. మొదటి దశలో 46.23 కిలోమీటర్లు, 42 స్టేషన్లు అని లెక్క. అందులో పొడుగాటి లైను స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా, 34.4 కిలోమీటర్లు, దాదాపు అంతా హైవే వెంటే. అంటే మేం ఎక్కాలంటే ఇసుకతోట వైపు నడవాల్సిందే. "ముందు రానీండి, చూద్దాం" అనేవాళ్లే ఎక్కువ. 2014 విభజన చట్టంలో ఆ మాట రాసినప్పటి నుంచి వింటున్నాం మరి.

వచ్చేదేదో ఎలా వస్తే మేలు? మా అపార్ట్‌మెంట్‌లోనే మూడు జవాబులున్నాయి. హైవే వైపు బాల్కనీ ఉన్న అంకుల్ భూమి లోపలే వేయాలంటారు. రోజూ బైక్ మీద గాజువాక పోయి వచ్చే కుర్రాడు కింద ఫ్లైఓవర్, దాని మీద మెట్రో ఉండే డబుల్ డెక్కర్ కావాలంటాడు. రోడ్డు మధ్య స్తంభాలు, వాటి మీద మామూలు మెట్రో చాలంటాడు సెక్రటరీ, తొందరగా అయిపోతుందని. మా అమ్మ మాత్రం "ఎన్ని మెట్లెక్కాలి రా?" అని అడిగింది.

ముందు భూగర్భం సంగతి తేల్చేద్దాం. కంటికి అడ్డుండదు, చప్పుడుండదు, అంకుల్ బాల్కనీలో సముద్రపు గాలి అలాగే ఉంటుంది. కానీ ఖర్చు పైన కట్టేదానికి రెండు మూడు రెట్లు. మొదటి దశ మొత్తానికి వేసిన అంచనాయే 11,498 కోట్లు. పైగా స్టేషన్ భూమి లోపలే అయినా కట్టేటప్పుడు చాలాచోట్ల రోడ్డును పైనుంచే తవ్వుతారు. ఆ గొయ్యి ఏళ్ల తరబడి ఉంటుంది. మన దగ్గర కొండ వైపు రాయి, సముద్రం వైపు ఇసుక. ఇసుకతోట పేరే చెప్తోంది. కొండల మీద పడిన వానంతా గెడ్డల్లోంచి, అంటే వాగుల్లోంచి, కాలనీల మధ్యగా సముద్రానికి పోవాలి. తుపాను రోజున ఆ నీళ్లను స్టేషన్ మెట్ల దగ్గర ఆపడమంటే మాటలు కాదు. ఈ లైన్లో అది అయ్యే పని కాదని నా లెక్క. అంకుల్‌కి చెప్తే నొచ్చుకున్నారు.

ఇక అమ్మ ప్రశ్న. హైవే మీద లారీలు పోవడానికి రోడ్డు నుంచి 5.5 మీటర్ల ఖాళీ వదలాలి. దాని పైన టికెట్లిచ్చే అంతస్తు, ఆ పైన ప్లాట్‌ఫాం. మామూలు ఎలివేటెడ్ (స్తంభాల మీది) స్టేషన్‌లో ప్లాట్‌ఫాం రోడ్డు నుంచి సుమారు 13 మీటర్ల ఎత్తులో ఉంటుందనుకుందాం. మెట్టు 15 సెంటీమీటర్లయితే దాదాపు 87 మెట్లు. డబుల్ డెక్కర్‌లో మధ్యలో ఫ్లైఓవర్ దూరుతుంది. దాని మందం, దాని మీద వెళ్లే లారీలకు మళ్లీ ఖాళీ, అన్నీ కలిపితే ఇంకో ఏడు మీటర్లకు తక్కువ కాదు. అప్పుడు 130 పైచిలుకు మెట్లు. లిఫ్ట్ ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. ఓసారి వేరే ఊళ్లో మెట్రో ఎక్కాం. మేం దిగిన స్టేషన్‌లో లిఫ్ట్ ముందు తాడు కట్టి ఉంది. ఎస్కలేటర్ ఉంది గానీ ఎక్కడానికే, దిగడానికి మెట్లే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఎక్కడం కన్నా దిగడమే నరకం. అమ్మ రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి దిగేసరికి మా వెనక తర్వాతి రైలు జనం కూడా వచ్చేశారు.

డబుల్ డెక్కర్‌ని కొట్టిపారేయలేం. నాగ్‌పూర్ వార్ధా రోడ్డు మీద 3.14 కిలోమీటర్లు అలాగే కట్టారు, మూడు స్టేషన్లు దాని మీదే ఉన్నాయి, గిన్నిస్ రికార్డు కూడా వచ్చింది. మన దగ్గర అనుకుంటున్నది సుమారు 20 కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం మధురవాడ, తాటిచెట్లపాలెం మధ్యే, అంటే మా ముందు నుంచే. లారీలు, దూరం వెళ్లే కార్లు పైకి పోతే హనుమంతవాక, మద్దిలపాలెం జంక్షన్లలో ఊపిరాడుతుంది. గాజువాక కుర్రాడికి పండగే. మరి కిందుండే మనకి? ఫ్లైఓవర్ ఎక్కడ దిగుతుందో అక్కడ రోడ్డు మధ్యలో గోడ లేస్తుంది, అటువాళ్లు అటే, ఇటువాళ్లు ఇటే. తగరపువలస వెళ్లే 222 బస్సు ఖాళీ రోడ్డు చూసి పైనుంచి పోయిందంటే మన స్టాప్‌లో ఆగేదేముంటుంది?

అందుకే నా ఓటు మామూలు ఎలివేటెడ్‌కి, అదీ ఒక షరతు మీద. హైవే దాటాలంటే ఇప్పుడు ప్రాణం అరచేతిలో పెట్టుకోవాలి. అమ్మ కూరగాయల సంచీతో డివైడర్ పక్కన నిలబడి, నాలుగు బైకులు తగ్గేదాకా ఆగి, చెయ్యి ఎత్తుకుంటూ పరుగు తీస్తుంది. స్టేషన్‌లో టికెట్లిచ్చే అంతస్తు రోడ్డుకు అటూ ఇటూ వంతెనలా ఉంటుంది కాబట్టి, టికెట్ లేనివాళ్లను కూడా అందులోంచి అవతలికి దాటనిస్తే, మెట్రో ఎక్కనివాళ్లకూ పనికొస్తుంది. మెట్లు హైవే ఫుట్‌పాత్ మీదికి కాకుండా కాలనీ వైపు సందు మొదట్లో దిగాలి. ఫుట్‌పాత్ మీద మెట్లు దించితే మిగిలిన జాగాలో టీ బండి, ఆటోలు, బైకులు. మనం నడిచేది రోడ్డు మీదే.

అయితే హైవేవాళ్లు, మెట్రోవాళ్లు కలిసి డబుల్ డెక్కరే ఖాయం చేస్తే? చేసేలాగే ఉన్నారు. అప్పుడు రోడ్డుకు రెండు వైపులా రెండేసి లిఫ్టులు, దిగడానికి కూడా ఎస్కలేటర్ ఉండాలని కాలనీ సంఘం ఇప్పుడే రాసివ్వాలి. స్తంభాలు లేచాక అడిగితే "డిజైన్‌లో లేదండీ" అంటారు. కాగితం మొన్న సెక్రటరీ చేతికిచ్చాను. "ముందు రానీండి, చూద్దాం" అన్నాడు ఆయన కూడా.