పూల్ టేబుల్ బిల్లు: పంచుకోవడమా, ఓడినవాడు కట్టడమా, పందెమా?

మా ఆఫీసు కుర్రాళ్లు సాయంత్రాలు పూల్ (టేబుల్ మీద కర్రతో బంతులు కొట్టే ఆట) పార్లర్‌కి వెళ్లడం మొదలుపెట్టినప్పటి నుంచి నన్ను అడుగుతున్న ప్రశ్న ఒకటే. టేబుల్ డబ్బులు సమంగా పంచుకోవాలా, ఓడినవాడే కట్టాలా, గేమ్‌కి ఇంత అని పందెం పెట్టుకోవాలా?

పంచుకోవడం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. గొడవ ఉండదు, కొత్తవాళ్లు భయపడకుండా ఆడతారు. కాకపోతే గేమ్ తేల్చే చివరి నల్ల బంతి దగ్గర కూడా ఎవరికీ టెన్షన్ ఉండదు. చాలామందికి రెండు వారాల్లో విసుగొచ్చేది అందుకే. పార్లర్‌లో నెలవారీ సభ్యత్వం వారానికి నాలుగైదు రోజులు ఆడేవాళ్లకే గిట్టుబాటు. ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడే పూల్ యాప్‌ల సంగతి ఇక అనవసరం, 2025 కేంద్ర చట్టం నైపుణ్యమా అదృష్టమా అని చూడకుండా డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే. ఇక్కడ తేల్చాల్సింది ఇద్దరి ఆటకీ మధ్య తేడా ఎంత అన్నది. చాలామంది దీన్ని పట్టించుకోరు.

ఒక్కో గేమ్‌లో మీ స్నేహితుడు గెలిచే అవకాశం 60 శాతం, మీది 40 అనుకుందాం. పదిలో నాలుగు మీరు గెలుస్తున్నారు కాబట్టి ఇద్దరూ సమానమే అనిపిస్తుంది. కానీ ముందు ఐదు గేమ్‌లు గెలిచినవాడిదే సెట్ అని పెట్టుకుంటే అతను గెలిచే అవకాశం 73 శాతానికి పెరుగుతుంది. సెట్ ఎంత పొడవైతే మెరుగైన ఆటగాడికి అంత లాభం. టేబుల్ బిల్లు 300 అయితే, సెట్ ఓడినవాడు కట్టే పద్ధతిలో మీరు సగటున 220 కడతారు, అతను 80. అదే ఏ గేమ్ ఓడినవాడు ఆ గేమ్ డబ్బు కడితే మీ వాటా 180కి దిగుతుంది. పద్ధతి ఒక్కటి మార్చినందుకే 40 రూపాయల తేడా. వారానికి రెండు సెట్లు ఆడితే ఏడాదికి అది నాలుగు వేలు దాటుతుంది.

నగదు పందెంలో ఈ తేడా ఇంకా ప్రమాదం, ఎందుకంటే బిల్లులాగా దానికి పరిమితి లేదు. ఓడినవాడు పోయింది రాబట్టుకోవాలని రెట్టింపు పెడతాడు. అసలు ఆట దాచుకుని మొదటి రెండు గేమ్‌లు కావాలని ఓడి, పందెం పెంచాక అసలు ఆట బయటపెట్టేవాళ్లు పూల్ ఉన్న ప్రతి ఊళ్లోనూ ఉంటారు. పైగా ఎవరు గెలిచినా టేబుల్ అద్దె పార్లర్‌కి పోతుంది. ఇద్దరి జేబులూ కలిపి చూస్తే నష్టమే.

'ఇది నైపుణ్యం ఆట కదా, పందెం తప్పేంటి?' అంటారు. 1967లో సికింద్రాబాద్ క్లబ్ ఒకదాని కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆటేనని సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. కానీ తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో గేమింగ్ (జూద నియంత్రణ) చట్టాలను కఠినం చేస్తూ సవరించాక ఆ వాదనను నమ్ముకుని డబ్బు పెట్టడం తెలివైన పని కాదు. మా కుర్రాళ్లు ఒక సాయంత్రం సరదాకి పోలీసు కేసులో ఇరుక్కోవడం నాకు అసలు ఇష్టం లేదు.

కాబట్టి నా ఓటు ఓడినవాడు బిల్లు కట్టే పద్ధతికే. దానికి రెండు షరతులు. ఇద్దరి ఆటా దగ్గరగా ఉంటే గేమ్‌కి గేమ్ లెక్క తేల్చుకోండి. తేడా ఉంటే సెట్‌లోనే దాన్ని సరిచేయండి. పైన చెప్పిన 60-40 జోడీలో మెరుగైనవాడు ఆరు గెలవాలి, రెండోవాడికి నాలుగు చాలు అని పెడితే, అవకాశాలు 48-52కి వచ్చేస్తాయి. పూల్ లాంటిదే అయినా పాయింట్లతో ఆడే స్నూకర్‌లో ఇంకా సులువు, ఫ్రేమ్ (ఒక గేమ్) మొదట్లోనే బలహీనుడికి ఇన్ని పాయింట్లని ఇచ్చేయొచ్చు. ఎన్ని ఇవ్వాలో ముందే తెలియదు కాబట్టి తక్కువతో మొదలుపెట్టి, వరుసగా మూడు సెట్లు ఒకరే గెలిస్తే మార్చుకుంటూ పోండి. ఇదంతా టేబుల్ టైమ్ మొదలవ్వకముందే మాట్లాడుకోవాలి.