ఆరేళ్ళుగా పిక్ట్: జతలు అది కలుపుతుంది, విలువలు మనమే ఎంచాలి

మైక్రోసాఫ్ట్ వాళ్ళ ‘పిక్ట్’ను ఆరేళ్ళుగా వాడుతున్నాను. కమాండ్ లైన్‌లో నడిచే చిన్న ప్రోగ్రామ్, ఉచితం, ఓపెన్ సోర్స్. ఏ ఇన్‌పుట్‌కు ఏయే విలువలు రావచ్చో టెక్స్ట్ ఫైల్లో రాసిస్తే, ఏ రెండు ఇన్‌పుట్ల విలువలైనా ఒక్కసారైనా జతపడేలా టెస్టుల పట్టిక ఇస్తుంది.

నా పని బస్సు టికెట్ల సాఫ్ట్‌వేర్‌ను టెస్ట్ చేయడం. బస్సు రకాలు 6, వయసులు 5, చెల్లింపు పద్ధతులు 4, ఫోన్లు 4. అన్నీ కలిపితే 480 టెస్టులు. జతలు చాలనుకుంటే 30 దరిదాపుల్లో తేలిపోతాయి. సాయంత్రం బిల్డ్ (టెస్ట్ చేయాల్సిన కొత్త వెర్షన్) వచ్చినా టెన్షన్ లేదు.

ఆ 5 వయసులూ ఏవో పిక్ట్ చెప్పదు. మా దగ్గర 5 నిండి 12 నిండని పిల్లలకు సగం ఛార్జీ. 7 ఏళ్ళకు సరిగ్గా లెక్కేసిన కోడ్ సాధారణంగా 8కీ, 9కీ సరిగ్గానే వేస్తుంది. తప్పు దొర్లేది హద్దు దగ్గర, ‘తక్కువ’ అని రాయాల్సిన చోట ‘తక్కువ లేదా సమానం’ అని రాసినప్పుడు. అందుకే 4, 5, 11, 12, వాటితో పాటు పెద్దవాళ్ళ తరఫున 40 తీసుకున్నాను.

అయినా రెండో ఏడాది ఒక బగ్ నన్ను దాటి ప్రొడక్షన్‌కు, అంటే జనం వాడే వెర్షన్‌లోకి, వెళ్ళింది. బుక్ చేసిన రోజుకు పిల్లవాడికి 11, ప్రయాణం రోజుకు 12 నిండాయి. వెళ్ళేటప్పుడు బుక్ చేసిన రోజు వయసుతో సగం, తిరుగు టికెట్‌కు ప్రయాణం రోజు వయసుతో పూర్తి ఛార్జీ పడింది. ఆ కుటుంబం ఫోన్ చేసి అడిగితే మా దగ్గర జవాబు లేదు. పట్టికలో జతలన్నీ ఉన్నాయి, ‘మధ్యలో పుట్టినరోజు’ అనే విలువే లేదు. అది నేను రాయలేదు కాబట్టి లేదు. ఇప్పుడు వయసు బదులు పుట్టిన తేదీలే ఇస్తున్నాను, ఫిబ్రవరి 29 సహా.

నాకు బాగా నచ్చింది చెల్లని విలువల సంగతి. వాటి ముందు టిల్డా (~) గుర్తు పెడితే ఒక్కో టెస్టులో ఒక్కటే వచ్చేలా చూస్తుంది. రెండు తప్పులు ఒకేసారి ఇస్తే మొదటిదానికే ఎర్రర్ వచ్చి రెండోది కప్పుకుపోతుంది కదా.

చిక్కు ఒకటుంది. ఒక్క విలువ చేర్చినా పట్టికంతా మారిపోవచ్చు, పాత ఫలితాలతో పోల్చలేం. అలా కాకూడదంటే పాత పట్టికను సీడ్‌గా, అంటే కొత్త పట్టికకు మొదలుగా, ఇవ్వాలి. ఇది తెలియక నేను చాలాకాలం ఎక్సెల్ షీట్లు తిరగరాశాను. ఇక ఏ టెస్టుకు ఎంత ఛార్జీ రావాలో పిక్ట్‌కు తెలియదు, ఆ గడి మనమే నింపాలి.

రీఫండ్ లెక్కలకు మాత్రం జతలతో ఆగను. మూడేసి విలువలు కలిసేలా ఆర్డర్ 3 పెట్టి నడుపుతాను.